12/5/91 అని కొడితే 0.026 వచ్చింది: జేబు కంప్యూటర్‌లోకి డేటా ఎలా ఎక్కేదంటే

ఇవాళ నేరుగా ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. 1991లో వచ్చిన హెచ్‌పీ 95ఎల్‌ఎక్స్ అనే బుల్లి కంప్యూటర్ మీ చేతిలో ఉందనుకోండి. కీబోర్డు మీద ‘123’ అని రాసి ఉన్న ఒక కీ ఉంటుంది. అది నొక్కగానే లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ తెరుచుకుంటుంది. ఒక గడిలో తేదీ కొట్టండి: 12/5/91. ఎంటర్ నొక్కండి. తేదీ కనిపించదు. 0.026 అని ఏదో దశాంశం కనిపిస్తుంది.

(సెల్ అంటే మనకు ఫోనే గుర్తొస్తుంది కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం ‘గడి’ అనే అంటాను.)

ఏం జరిగిందంటే, లోటస్ మొదటి అక్షరం చూస్తుంది. అంకె కనబడితే ఇది లెక్క అని ఫిక్స్ అయిపోతుంది. కాబట్టి 12ని 5తో భాగించింది, వచ్చినదాన్ని మళ్ళీ 91తో భాగించింది. అంతే. మన హైదరాబాద్ కోడ్‌తో 040-555 అని కొడితే 40లోంచి 555 తీసేసి మైనస్ 515 అని చూపిస్తుంది. డోర్ నంబర్‌తో మొదలయ్యే అడ్రస్ కొడితే, అంకెల తర్వాత అక్షరాలు చూసి అర్థం కాక బీప్ అంటుంది. ఇది లెక్క కాదు, రాత అని చెప్పాలంటే ముందు ఒక కొటేషన్ గుర్తు పెట్టాలి. తేదీ అయితే డేట్ అనే ఫార్ములా రాసి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇవ్వాలి.

ఇప్పుడు మనం నవ్వుకుంటాం. కానీ నాకు ఈ మొండితనం ఎందుకు నచ్చిందో చెప్పాలంటే, ఒక్కో గడి చేత్తో కొట్టడం కాదు, వందల వరుసల డేటాని ఒకేసారి లోపలికి తెచ్చినప్పుడు ఏం జరిగేదో చూడాలి. అంటే ఇంపోర్ట్. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందు ఆ మెషీన్ సంగతి. కళ్ళజోడు పెట్టెకంటే కాస్త వెడల్పుగా ఉంటుంది, బరువు 300 గ్రాములు దాటుతుంది. తెరిస్తే పైన స్క్రీన్, కింద కీబోర్డు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, కొర్వాలిస్‌లో ఉన్న హెచ్‌పీ టీమ్ చేసింది. లాంచ్ ధర 699 డాలర్లు. లోపల 512 కేబీ మెమరీ. మెగాబైట్ కాదు, అందులో సగం. మీరు వాట్సాప్‌లో పంపే ఒక ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. ఆ 512లోనే ఫైళ్ళు దాచుకోవాలి, నడిచే ప్రోగ్రాములకూ చోటివ్వాలి. ఎవరికెంత అన్నది సెట్టింగ్‌లో మనమే పంచాలి. డాస్, లోటస్ మాత్రం విడిగా చెరిగిపోని రోమ్‌లో కూర్చుని ఉంటాయి కాబట్టి సరిపోయింది.

స్క్రీన్ మీద అడ్డంగా 40 అక్షరాలు, నిలువుగా 16 లైన్లు. ఈ 40 అన్న నంబర్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇదే మొదటిది కాదు. 1989లో వచ్చిన అటారీ పోర్ట్‌ఫోలియోలో కూడా లోటస్ లాంటి స్ప్రెడ్‌షీట్ ఉండేది. ‘టెర్మినేటర్ 2’ సినిమాలో కుర్రాడు జాన్ కానర్ ఏటీఎం‌కి ఒక బుల్లి కంప్యూటర్ తగిలించి డబ్బులు లాగుతాడు చూశారా, అది పోర్ట్‌ఫోలియోనే. కానీ దాంట్లో ఉన్నది లోటస్‌ని పోలిన ప్రోగ్రామ్. 95ఎల్‌ఎక్స్‌లో ఉన్నది అసలు లోటస్, రిలీజ్ 2.2. ఆఫీసులో పెద్ద కంప్యూటర్ మీద నడిచేది అదే, జేబులో ఉన్నదీ అదే. అమ్ముడుపోవడానికి కారణం అదే అని నా అభిప్రాయం.

లోటస్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి విజికాల్క్ అనే మొదటి పాపులర్ స్ప్రెడ్‌షీట్ చేశారు, ఆపిల్ 2 కోసం. 1983లో మిచ్ కేపర్ కంపెనీ లోటస్ 1-2-3 తెచ్చింది, ఐబీఎం పీసీ కోసం. ఆ తర్వాత కొన్నేళ్ళు స్ప్రెడ్‌షీట్ అంటే లోటస్, లోటస్ అంటే స్ప్రెడ్‌షీట్. మౌస్ అక్కర్లేదు. స్లాష్ కీ నొక్కితే పైన మెనూ వస్తుంది, ప్రతి మాటకీ మొదటి అక్షరం నొక్కుకుంటూ పోవడమే. అలవాటైనవాళ్ళ వేళ్ళు చూస్తే వీణ వాయిస్తున్నట్టే ఉంటుంది.

సరే, జేబులో స్ప్రెడ్‌షీట్ ఉంది. అందులోకి డేటా ఎక్కడి నుంచి రావాలి? అసలు లెక్కలు ఉండేది ఆఫీసులో పెద్ద మెషీన్ దగ్గర. అది మనతో మాట్లాడే భాష ఒక్కటే: ప్రింట్ రిపోర్ట్. పొడవాటి మడతల కాగితం, అడ్డంగా 80 అక్షరాలు, లేదా 132. పైన హెడ్డింగ్, పేజీ నంబర్, కింద గీతలు, మధ్యలో అంకెలు. అదే రిపోర్ట్‌ని కాగితానికి బదులు ఫైల్‌లోకి పంపితే అది మామూలు టెక్స్ట్ ఫైల్. లోటస్‌లో ఇంపోర్ట్ కోసం అడిగే ఫైల్ పేరు చివర పీఆర్‌ఎన్ అని ఉంటుంది. ప్రింట్ అన్న మాటకి పొట్టి రూపం. ఆ మూడక్షరాల్లోనే కథంతా ఉంది చూడండి: మనిషి కళ్ళ కోసం, కాగితం కోసం తయారైన దాన్ని మెషీన్ చేత చదివిస్తున్నాం.

ఆ ఫైల్ జేబు కంప్యూటర్‌లోకి చేరడానికి సీరియల్ కేబుల్. సెకనుకు 9600 బిట్లు అనుకుందాం. ఒక్కో అక్షరానికి ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. 50 కేబీ ఫైల్‌కి దాదాపు నిమిషం. బానే ఉంది కదా? గొడవ స్పీడుతో కాదు. తీగలో మధ్యలో ఒక బిట్ తారుమారైతే 450 కాస్తా 410 అవ్వచ్చు, ఎవరికీ తెలీదు. అందుకే కెర్మిట్, ఎక్స్‌మోడెమ్ లాంటి పద్ధతులు. కెర్మిట్ 1981లో కొలంబియా యూనివర్సిటీలో పుట్టింది, పేరు టీవీలో వచ్చే కప్ప బొమ్మది. ఎక్స్‌మోడెమ్ 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాసింది. ఫైల్‌ని 128 బైట్ల ముక్కలు చేస్తుంది, ప్రతి ముక్క చివరా దాని మొత్తం కూడి పంపుతుంది. అవతలివాడు తనూ కూడి చూసుకుని, కలిస్తే సరే అంటాడు, కలవకపోతే మళ్ళీ పంపమంటాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. ముక్క కచ్చితంగా 128 బైట్లే ఉండాలి. ఫైల్ చివర 50 బైట్లే మిగిలితే? మిగతా 78 చోట్ల 26వ నంబర్ గుర్తు, అంటే కంట్రోల్-జెడ్ నింపేస్తుంది. డాస్‌లో టెక్స్ట్ ఫైల్‌కి ఆ గుర్తు అంటే ‘ఇక్కడితో అయిపోయింది’ అని. కాబట్టి సాధారణంగా ఇబ్బంది లేదు. కానీ అదే గుర్తు పొరపాటున ఫైల్ మధ్యలో ఎక్కడైనా ఉందనుకోండి, కంట్రోల్-జెడ్‌ని ముగింపుగా చూసే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. మిగతాది డిస్క్ మీద ఉంటుంది, మనకు మాత్రం కనబడదు.

ఇప్పుడు అసలు ఘట్టం. స్లాష్, ఎఫ్, ఐ: ఫైల్, ఇంపోర్ట్. వెంటనే లోటస్ ఒక ప్రశ్న అడుగుతుంది. టెక్స్టా, నంబర్సా?

నంబర్స్ అన్నారనుకోండి. అంకెలనీ, డబుల్ కొటేషన్లలో ఉన్న మాటలనీ మాత్రమే తీసుకుంటుంది. కొటేషన్ లేకుండా రమణ, కామా, 450 అని ఉంటే 450 వస్తుంది, రమణ పోతాడు. బీప్ లేదు, మెసేజ్ లేదు. పైగా కర్సర్ ఉన్న గడి నుంచి కిందికి రాసుకుంటూ పోతుంది, అక్కడ ముందే ఏమైనా ఉంటే దాని మీదే రాసేస్తుంది. కాబట్టి పాత మెషీన్లు నిజాయితీవి, కొత్తవే మోసం అనే కథ నేను చెప్పడం లేదు. ఈ నంబర్స్ ఆప్షన్ చాలా ప్రమాదకరమైనది.

టెక్స్ట్ అంటే మాత్రం అది ఏమీ ఊహించదు. ఒక్కో లైన్‌ని ఉన్నదున్నట్టు ఒక్కో గడిలో పెట్టేస్తుంది. హెడ్డింగ్ ఒక గడి, చుక్కల గీత ఒక గడి, పేజీ నంబర్ ఒక గడి. చూడటానికి కాలమ్‌ల్లా కనిపిస్తాయి కానీ మొత్తం ఒకే పొడుగు మాట. కూడమంటే కూడలేదు. ఏది పేరు, ఏది అంకె అన్నది మనం చెప్పాలి. దానికి వేరే కమాండ్: డేటా పార్స్.

డేటా పార్స్ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి పేరు, పిన్‌కోడ్, అమ్మకం, మూడు కాలమ్‌లు. మొదటి వరుస శాన్ ఫ్రాన్సిస్కో, రెండోది పోర్ట్‌లాండ్. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయనుకోండి. ‘క్రియేట్’ అనగానే లోటస్ మొదటి వరుస చూసి, దాని పైన ఒక ఫార్మాట్ లైన్ గీస్తుంది. మాట మొదలైన చోట లేబుల్‌కి ‘ఎల్’, అంకె మొదలైన చోట వాల్యూకి ‘వి’, తేదీకి ‘డి’, అదే కొనసాగుతోందనడానికి బాణం గుర్తు, ఖాళీకి చుక్క గుర్తు. శాన్ తర్వాత ఖాళీ ఉంది కాబట్టి శాన్ ఒక కాలమ్, ఫ్రాన్సిస్కో ఇంకో కాలమ్ అనుకుంటుంది. ఆ కొలతనే కింది వరుసలన్నిటికీ వాడితే ఏమవుతుంది? పోర్ట్‌లాండ్ ఇంగ్లిష్‌లో 8 అక్షరాలు, నాలుగో అక్షరం దగ్గర కోత పడుతుంది. ‘పోర్ట్’ ఒక గడి, ‘లాండ్’ ఇంకో గడి!

పిన్‌కోడ్ సంగతి ఇంకా విచిత్రం. లోటస్ కంపెనీ ఉండేది మసాచుసెట్స్‌లో. ఆ రాష్ట్రంలో పిన్‌కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి. 02139 లాంటివి. ‘వి’ అని వదిలేస్తే 2139 అవుతుంది. అంటే లోటస్ వాళ్ళ సొంత ఊరి అడ్రస్‌నే లోటస్ చెడగొడుతుంది.

మరి మందేంటి? ‘ఎడిట్’ నొక్కి ఆ ఫార్మాట్ లైన్‌ని మనమే దిద్దాలి. శాన్ తర్వాతి చుక్క తీసి బాణం పెట్టు, ఫ్రాన్సిస్కో మీది ‘ఎల్’ తీసి బాణం పెట్టు. పిన్‌కోడ్ మీది ‘వి’ తీసి ‘ఎల్’ పెట్టు. అక్కర్లేని కాలమ్ మీద ‘ఎస్’ పెట్టు, స్కిప్ అని. ఆ తర్వాతే ‘గో’.

ఇప్పుడు ఆ 40 గుర్తుచేసుకోండి. రిపోర్ట్ అడ్డంగా 132 అక్షరాలు, స్క్రీన్ 40. ఫార్మాట్ లైన్ మొత్తం ఒకేసారి కనబడదు. జరుపుకుంటూ జరుపుకుంటూ, పైన గుర్తుకీ కింద అంకెకీ వేలు పెట్టి కొలుచుకుంటూ పోవాలి. స్క్రీన్‌కి వెనక లైటు కూడా లేదు. కిటికీ పక్కకి వెళ్ళి కూర్చోవాల్సిందే. షీట్‌లో 8192 వరుసలు ఉంటాయని లెక్క, కానీ 512 కేబీలో అంతదాకా వెళ్ళకముందే మెమరీ ఫుల్ అంటుంది. కాబట్టి ఏ కాలమ్ నిజంగా కావాలో ముందే తేల్చుకోవాలి. అవసరం లేనిది జేబులోకి రానే రాదు.

నాకు ఇక్కడ ఆసక్తిగా అనిపించేది ఇదే. ఆ మనిషి తన డేటాలోని ప్రతి కాలమ్ దగ్గరా ఒకసారి ఆగాడు. ఇది అంకెలా కనిపిస్తోంది, నిజంగా అంకేనా? దీన్ని కూడతానా, తీసేస్తానా? పిన్‌కోడ్‌ని ఎవరూ కూడరు. కూడనిది అంకె కాదు, పేరు. ఈ తేడా మెషీన్‌కి తెలీదు. అతనికి తెలుసు. చెప్పక తప్పేది కాదు.

తేదీలది మరో లోకం. లోటస్‌కి తేదీ అంటే ఒక నంబర్: 1900 జనవరి 1 అంటే 1, మర్నాడు 2, అలా. దాంతో రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో తీసివేతతో తేలిపోతుంది, తెలివైన పద్ధతే. కానీ లోటస్ 1900ని లీప్ సంవత్సరం అనుకుంది. అది కాదు. వందతో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీప్. అంటే లోటస్ లెక్కలో 60వ నంబర్ 1900 ఫిబ్రవరి 29, అసలు లేని రోజు. తర్వాత ఎక్సెల్ వచ్చినప్పుడు లోటస్ ఫైళ్ళు ఒక్క రోజు తేడా లేకుండా తెరుచుకోవాలి కదా, అందుకని మైక్రోసాఫ్ట్ తెలిసి తెలిసే ఆ తప్పుని అలాగే ఉంచేసింది. మీ ఎక్సెల్‌లో 60 అని కొట్టి తేదీగా మార్చి చూడండి. ఇవాళ్టికీ ఉంది.

ఇక ఎక్సెల్ పేరొచ్చింది కాబట్టి ఇప్పటి కాలానికి వచ్చేద్దాం. సీఎస్‌వీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తాం, తెరుచుకుంటుంది. ఫార్మాట్ లైన్ లేదు. ప్రతి గడికీ అదే ఊహించేసుకుంటుంది. 12 అంకెల ఆధార్ నంబర్‌ని 1.23457ఇ+11 అని చూపిస్తుంది. అలాగే మళ్ళీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే, కనబడేదే ఫైల్‌లోకి వెళ్తుంది. మిగతా అంకెలు ఇక తిరిగిరావు. 16 అంకెల కార్డ్ నంబర్ అయితే ఎక్సెల్ 15 అంకెల దాకే గుర్తుపెట్టుకుంటుంది, చివరిది సున్నా అయిపోతుంది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, హౌస్‌కీపింగ్ వాళ్ళ జీతాల లిస్ట్ ఇలాగే ఒక ఫైల్‌లోంచి ఇంకో ఫైల్‌లోకి వెళ్ళింది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు సున్నాతో మొదలవుతాయి. సున్నాలు పోయాయి, పేమెంట్లు వెనక్కొచ్చాయి. పండగ ముందు వారం. నాలుగు రోజులు ఆ అక్కలు అకౌంట్స్ వాళ్ళ డెస్క్ దగ్గర నిలబడి, “సార్, మాకింకా పడలేదు” అని అడుగుతూనే ఉన్నారు. సిస్టమ్‌లో ‘ప్రాసెస్డ్’ అని ఉంది, మాకేం తెలుసు అని వీళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ లిస్ట్ తెరిచిన క్షణంలో ఒక ప్రోగ్రామ్ ఖాతా నంబర్‌ని లెక్క అనుకుంది, అంతే.

ఇది చిన్నది. పెద్దవి ప్రపంచమంతా చూసింది. మనిషి జీన్స్‌లో కొన్నిటికి సెప్ట్1, మార్చ్1 అని పొట్టి పేర్లు ఉండేవి. ఎక్సెల్ వాటిని సెప్టెంబర్ 1, మార్చి 1 అనుకునేది. 2016లో వచ్చిన ఒక పరిశోధన, ఎక్సెల్‌లో జీన్ లిస్టులు జతచేసిన పేపర్లలో సుమారు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయని తేల్చింది. చివరికి 2020లో జీన్స్‌కి పేర్లు పెట్టే కమిటీయే తగ్గి ఆ పేర్లు మార్చేసింది. మనిషి ఒంట్లో ఉన్నదాని పేరు, స్ప్రెడ్‌షీట్ కోసం!

అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఇంకా దారుణం. ల్యాబుల నుంచి కోవిడ్ రిజల్ట్స్ సీఎస్‌వీ ఫైళ్ళుగా వచ్చేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాటిని పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లోకి లాగేది. ఆ ఫార్మాట్‌కి హద్దు 65,536 వరుసలు. ఒక్కో కేసుకి చాలా వరుసలు పట్టేవి కాబట్టి ఒక ఫైల్‌లో 1,400 కేసుల దాకే పట్టేవి. మిగిలినవి రాలిపోయాయి. 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. వాళ్ళకి తమ రిజల్ట్ తెలిసింది. కానీ వాళ్ళు ఎవరెవరిని కలిశారో ఆ మనుషులకి ఫోన్ చేయాల్సిన టీమ్‌కి సమాచారం ఆలస్యంగా చేరింది. వైరస్ ఆగదు కదా.

మన తెలుగుకి కూడా ఇందులో వాటా ఉంది. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరిచినప్పుడు, తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ‘ఎ’, మళ్ళీ డిగ్రీ గుర్తు... వరసగా చూశారా? ఫైల్ పాడైందని చాలామంది డిలీట్ చేస్తారు. పాడవలేదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు. ‘ర’ ఒక మూడు, ‘మ’ ఒక మూడు. తెలుగు మొత్తానికీ మొదటి బైట్ ఒకటే, రెండోది రెండింట్లో ఒకటి. ఎక్సెల్ ఆ బైట్లని పాశ్చాత్య భాషల పట్టికతో చదివితే మొదటిది గీత ఉన్న ‘ఎ’, రెండోది డిగ్రీ గుర్తు, లేదా ప్లస్-మైనస్ గుర్తు. అందుకే ఏ పేరైనా ఒకేలా కనిపిస్తుంది. మీ డేటా భద్రంగానే ఉంది, చదివినవాడికి ఏ లిపో ఎవరూ చెప్పలేదు. 95ఎల్‌ఎక్స్‌లో అయితే ఈ గొడవే లేదు, ఎందుకంటే తెలుగు దాంట్లో కనబడే దారే లేదు. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోకి తెలుగు ఎక్కింది కూడా అదే 1991లో.

2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ఒక సెట్టింగ్ పెట్టింది, ఈ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపుకోవచ్చు. అదెక్కడో ఆప్షన్స్‌లో లోపల ఉంటుంది. సులువైన దారి: లాప్‌టాప్‌లో గూగుల్ షీట్స్ తెరిచి, ఫైల్, ఇంపోర్ట్ అనండి. చివర్లో టెక్స్ట్‌ని నంబర్లుగా, తేదీలుగా, ఫార్ములాలుగా మార్చాలా అని ఒక బాక్స్ ఉంటుంది, ముందే టిక్ పెట్టి. ఆ టిక్ తీసేయండి. 02139 అలాగే 02139గా వస్తుంది, ఖాతా నంబర్ సున్నాలతో సహా వస్తుంది. తేదీలు కూడా మాటల్లాగే వస్తాయి. 05/06 అంటే జూన్ 5వ తేదీనా, అమెరికా లెక్కలో మే 6వ తేదీనా అన్నది ఆ ఫైల్ పంపినవాళ్ళని అడిగి, ఒక్క ఆ కాలమ్‌నే మీరు మార్చుకోండి.

కామెంట్లలో కెర్మిట్ కప్ప గురించి అడగబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా, దానికి వేరే ఎపిసోడ్ రెడీ అవుతోంది. ఉంటాను, బై.